గోదావరిఖనిలో వైన్ టేస్టింగ్.. పాత సర్దార్ ముక్కు ఏం పట్టింది?

తెలంగాణలో ఏ ఊళ్లో బస్సు దిగినా ముందుగా కనిపించే బోర్డుల్లో ఒకటి 'వైన్స్'. రాష్ట్రం మొత్తంలో ఇలాంటి దుకాణాలు 2,620. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము, బీరు అన్నీ ఉంటాయి. బోర్డు మీద రాసిన సరుకు మాత్రం అడిగి తీయించుకోవాలి.

గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో ఒక వైన్స్‌లో సరదాకి అడిగి చూశాను. "అన్నా, వైన్ ఉందా?" జాలీ వెనక ఉన్న కుర్రాడు రెండు సెకన్లు నా మొహం చూశాడు. "వైనా? ఆడోళ్లకా అన్నా?" అని లోపలికి పోయి కింది అరలోంచి రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి గోవా పోర్ట్ వైన్, ఇంకోటి నాసిక్ రెడ్. రెండిటి మీదా దుమ్ము. బొగ్గు ఊళ్లో దుమ్ము దేని మీదైనా ఒక్క రోజులో పడుతుంది కాబట్టి, దాన్ని చూసి సీసా ఎన్నాళ్లుగా అక్కడుందో చెప్పలేం.

కొనలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం నేను పోతున్నది అసలైన ఫారిన్ వైన్ టేస్టింగ్‌కి. బార్‌లో కాదు, గోదావరి వంతెన వైపు ఒక గల్లీలో, రిటైరైన బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో.

ఊరు తెలియనివాళ్ల కోసం కొంచెం. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి ఎక్కి సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి దాటితే దూరంగా ఎన్టీపీసీ చిమ్నీలు కనిపిస్తాయి. అక్కడి నుంచి రామగుండం ఎక్కడ ఆగుతుందో, గోదావరిఖని ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లకు అర్థం కాదు. రెండూ కలిపి ఒకే మున్సిపల్ కార్పొరేషన్. ఊరి పేరులోనే ఖని ఉంది కానీ ఇక్కడ ఎవరూ ఖని అనరు, గని అనరు. 'బాయి' అంటారు. "మా బాపు బాయిల పనిచేస్తడు" అంటే నీళ్ల బావి అనుకునేరు. ఊరి గడియారం కూడా బాయిదే. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఆ టైముల్లో రోడ్డు మీద బైకులు చూస్తే షిఫ్టు మారిందని తెలిసిపోతుంది. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టడంతో మొదలైన కథ ఇది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. ఇప్పుడు అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. మిగతా చరిత్ర ఫోన్‌లో దొరుకుతుంది, మనం ఇంటికి పోదాం.

సీసాలు ఎక్కడివి?

మా దోస్త్ మైనింగ్‌లో బీటెక్ చేశాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ దగ్గర ఉద్యోగం. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ బొగ్గు ఎగుమతి చేసే ఓడరేవు అదే. సంక్రాంతికి భార్యతో కలిసి ఇంటికొచ్చాడు. కస్టమ్స్ వాళ్లు ఒక్కో మనిషికి రెండు లీటర్ల దాకా మందు తెచ్చుకోనిస్తారు. ఇద్దరి లెక్కలో మూడు సీసాలు వచ్చాయి. ఇవే సీసాలు ఇక్కడ కొనాలంటే కథ వేరు. విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం ఏళ్ల తరబడి 150 శాతం. 2022 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక కొంచెం ఖరీదైన సీసాల మీద 100కి, ఇంకా ఖరీదైన వాటి మీద 75కి తగ్గింది. దాని మీద మళ్లీ రాష్ట్రం పన్ను. అందుకే హైదరాబాద్ హోటళ్లలో ఒక్క గ్లాసు బిల్లు చూస్తేనే నోరు ఎండిపోతుంది.

వాడు ఈ సీసాలే ఎందుకు తెచ్చాడన్నది అసలు సంగతి. న్యూకాజిల్ వెనక ఉన్న లోయ పేరు హంటర్ వ్యాలీ. 1797లో అక్కడ బొగ్గు దొరికింది. 1830ల నాటికి ద్రాక్ష తోటలు వచ్చాయి. జేమ్స్ బస్బీ అనే ఆయన 1832లో యూరప్ నుంచి వందల రకాల ద్రాక్ష కొమ్మలు తెప్పించాడు. ఆస్ట్రేలియా వైన్‌కు అవే అమ్మమ్మ, తాతయ్యలు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ లోయలో ఒక పక్క బొగ్గు, ఒక పక్క ద్రాక్ష. సెస్నాక్ అనే ఊరు ఒకప్పుడు పక్కా బాయి ఊరు, ఇప్పుడు టూరిస్టులు వైన్ రుచి చూడ్డానికి పోయే ఊరు. రెండిటికీ పడదు కూడా. బొగ్గు పొరల్లోంచి గ్యాస్ తీసే కంపెనీలను తోటల దగ్గరికి రానివ్వొద్దని రైతులు కొట్లాడితే, న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం ఆ ద్రాక్ష తోటల ప్రాంతాన్ని కాపాడాల్సిన పరిశ్రమగా గుర్తించి గ్యాస్ తవ్వకాలను దూరం పెట్టింది.

"మనలాంటి ఊరేరా. కాకపోతే ఆడ బాయి పక్కకే తోట ఉంటది. బాపుకు సూపెట్టాలె అనిపించింది. బాపును తీసుకపోలేను, గందుకే సీసా తెచ్చిన" అన్నాడు మా దోస్త్.

చిన్నమ్మ షరతు

వాళ్ల నాన్నను నేను కాక అంటాను, అమ్మను చిన్నమ్మ. కాక బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే షిఫ్టు మొదలయ్యే ముందు లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, గ్యాస్ ఉందో లేదో పరీక్ష చేసి, 'పని చేసుకోవచ్చు' అని చెప్పే మనిషి. ఆయన ఊ అంటేనే మిగతా వాళ్లు చెయ్యి కదపాలి.

ఆ ఇంట్లో మందు గ్లాసు కనిపించక పాతికేళ్లు దాటింది. చిన్నమ్మ పెళ్లయి వచ్చినప్పుడు గల్లీకో సారా కొట్టు ఉండేదట. జీతం రోజు బాయి గేటు దగ్గర ఆడవాళ్లు చంకన పిల్లలతో నిలబడేవాళ్లట, పైసలు సారా కొట్టు దాటి ఇంటికి రావాలంటే అదొక్కటే దారి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్‌లో సారా బందైంది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే ఎత్తేశారు.

"సారా బందైతే ఈయన బ్రాందీకి మారిండు. బ్రాందీ బందైతే మహారాష్ట్ర దిక్కుకెళ్లి దొంగతనంగ వచ్చేది తాగిండు. సర్కారు మాన్పలే ఈయనను" అంది చిన్నమ్మ, సకినాలు పళ్లెంలో పెడుతూ.

మరి ఎవరు మాన్పారు? ఒక రాత్రి నైట్ షిఫ్టుకు పోతే బాయి మీద చిన్న వయసు ఓవర్‌మెన్ దగ్గరికొచ్చి, ముక్కుతో గాలి పీల్చి, "ఇంటికి పో అన్నా" అన్నాడట. అంతే. తిట్టలేదు, రాసివ్వలేదు. గ్యాస్ చూడాల్సిన సర్దార్‌కే వాసన వస్తోందని వెనక్కి పంపాడు. కాక క్యాప్ ల్యాంప్ ఆ రాత్రి ల్యాంప్ రూంలో కొక్కేనికే వేలాడింది. పన్నెండు గంటలకు ఇంటికి నడిచొచ్చిన మనిషి మళ్లీ ముట్టలేదు.

కాబట్టి కొడుకు వైన్ సీసాలు టేబుల్ మీద పెట్టగానే చిన్నమ్మ మొహం ఎలా మారి ఉంటుందో ఊహించుకోండి. గంట సేపు చర్చ జరిగింది. వైన్ టేస్టింగ్ అంటే తాగడం కాదనీ, రంగు చూసి, వాసన చూసి, నోట్లో పోసుకుని, ఉమ్మేస్తారనీ కోడలు ఓపికగా చెప్పింది. ఉమ్మేస్తారు అన్న మాట దగ్గర చిన్నమ్మ ఆగింది.

"పైసలు పెట్టి కొని ఉమ్ముతరా?"

"అవునత్తమ్మా. ప్రొఫెషనల్స్ రోజుకు యాభై, అరవై వైన్లు చూస్తారు. మింగితే పడిపోతారు."

చివరికి షరతు ఖరారైంది. కాకకు వాసన వరకే. నోట్లోకి చుక్క పోవద్దు. ఉమ్మడానికి స్టీలు చెంబు తీయబోతే చిన్నమ్మ లాక్కుని పాత ప్లాస్టిక్ బకెట్ ఇచ్చింది. "నా చెంబుల ఉమ్ముతరా, మర్యాద లేక!"

కిరసనాయిలు

షోకేస్‌లో పదేళ్లుగా అలంకారంగా ఉన్న ఆరు గాజు గ్లాసులు బయటికొచ్చాయి. పక్కింటి అన్నను కూడా పిలిచారు. ఆయన ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్, ఆ రోజు ఫస్ట్ షిఫ్టు చేసి వచ్చాడు. అడుగున రెండు వేళ్ల మందం పోసిన గ్లాసు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సోడా లేదా?" రెండోది, "ఎంత పర్సెంటు?" పదిన్నర అని చెబితే లెక్క వేశాడు. "స్ట్రాంగ్ బీరు ఎనిమిది ఉంటది. ఇది దాని మీద జరంతే ఎక్కువ. మరి గింత చుక్కేందే?"

మొదటి సీసా హంటర్ వ్యాలీ సెమిలాన్. తెల్ల వైన్. ఆ లోయలో ద్రాక్షను బాగా తీపెక్కకముందే కోస్తారు కాబట్టి ఆల్కహాల్ తక్కువ, పులుపు ఎక్కువ. నిమ్మకాయ పిండిన నీళ్ల లాగా చురుక్కుమంది. దాని పక్కన నువ్వులు, వాము వేసిన సకినం కొరికితే.. నిజం చెబుతున్నాను, ఏ స్టార్ హోటల్ చీజ్ ప్లేటూ దీని ముందు నిలబడదు. నూనెలో వేగిన పిండివంటకు పులుపు తోడు కావాలని మన నాలుకకు ముందే తెలుసు. పక్కింటి అన్న మాత్రం ఉమ్మలేదు. ఆ బకెట్ వైపు చూడను కూడా చూడలేదు. (21 ఏళ్లు నిండనివాళ్లు ఈ పేరా కూడా వాసన వరకే.)

రెండో సీసా రీస్లింగ్. ఇది హంటర్‌ది కాదు, సౌత్ ఆస్ట్రేలియాది. పదేళ్ల పాతది. లేత బంగారం రంగు. గ్లాసు తిప్పమని కోడలు చూపించింది. అలా తిప్పితే వైన్ గ్లాసు గోడలకు పాకి, వాసన పైకి లేస్తుంది. అందరం తిప్పాం. నేను నిమ్మ అన్నాను, దోస్త్ తేనె అన్నాడు. కాక అంతవరకూ మూల కుర్చీలో కూర్చుని వేడుక చూస్తున్నాడు. గ్లాసు అందుకుని, తిప్పకుండానే, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

"ఇది కిరసనాయిలు" అన్నాడు.

అందరం నవ్వాం. ఒక్క కోడలు నవ్వలేదు. "మామయ్యా, కరెక్ట్" అంది.

పాత రీస్లింగ్‌ను గుర్తుపట్టే గుర్తే అది. పుస్తకాల్లో పెట్రోల్ అనీ, కిరోసిన్ అనీ రాస్తారు. టీడీఎన్ అనే పదార్థం వల్ల వస్తుంది. ద్రాక్షలో ఉండే కెరోటినాయిడ్లు, అంటే క్యారెట్‌కు రంగునిచ్చే జాతి పదార్థాలు, విడిపోయి అది పుడుతుంది. ఎండ బాగా తగిలిన పండులో ఎక్కువ. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ఎక్కువ. కోర్సులు చేసినవాళ్లు నెలల తరబడి నేర్చుకునే ముక్క, మా కాక ఒక్క పీల్పులో చెప్పాడు.

కానీ ఆయన నవ్వడం లేదు. గ్లాసు టేబుల్ మీద పెట్టి, దూరంగా జరిపాడు.

"గోఫ్ అంటే తెల్సా మీకు? బొగ్గంత తీసి ఇడిచిపెట్టిన జాగ. మీది కప్పు కూలి ఉంటది. అండ్ల మిగిలిన బొగ్గుకు గాలి తగిలి లోపల్లోపల కాగుతది. పొగ కనపడదు, మంట కనపడదు. ముందుగాల గోడలు చెమట పడ్తయి. తర్వాత గిదే వాసన. గీ వాసన వచ్చిందంటే మనుషుల్ని బయటికి తోలాలె, గోడ కట్టి ఆ ప్యానెల్‌ను మూసెయ్యాలె. రిటైరైనంక ఈ వాసన మల్ల చూడలే నేను."

మీథేన్‌కు వాసన ఉండదు. దాన్ని పట్టడానికి సర్దార్ చేతిలో దీపం ఉండేది. వత్తి తగ్గించి పట్టుకుంటే, గ్యాస్ ఉన్నచోట మంట మీద నీలి టోపీ లాంటి వెలుగు కనబడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కూ వాసన లేదు. కానీ బొగ్గు తనంతట తాను వేడెక్కడం మొదలైతే దానికి ఒక వాసన ఉంటుంది. ప్రపంచంలో ఏ బాయికి పోయినా పాత కార్మికులు దాన్ని పెట్రోల్ వాసన, నూనె వాసన అనే చెబుతారు. ఇప్పుడు గాల్లో గ్యాసులు కొలిచే మీటర్లున్నాయి. కాక రోజుల్లోనూ కొన్ని ఉండేవి. అయినా ముందు ముక్కే చెప్పేదట. వైన్‌లో ఉన్నదీ, గోఫ్‌లో పుట్టేదీ ఒకే పదార్థం కాదు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ చుట్టాలే.

"ఎన్నిసార్లు పట్టినవ్ బాపూ?" కొడుకు అడిగాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదట ఆ మాట.

"మూడు సార్లు. ఒకసారి నేను చెప్తే నమ్మలే. 'నీకు రాత్రి తాగింది దిగలేదు' అన్నరు." కాక చిన్నమ్మ వైపు చూడలేదు. "తాగేటోని ముక్కును ఎవడు నమ్ముతడు? మర్నాడు మీటర్ తెచ్చి సూస్తె నా మాటే నిజమైంది. ఆ ఒక్క రోజు ఏం కాలే. మనోళ్లు బతికిర్రు."

చిన్నమ్మ లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు కాసేపు ఎక్కువగానే వినిపించింది. ఈ ముక్క ఆమెకూ తెలియదని తర్వాత మాకు అర్థమైంది. తాగుడు మానిన కథలో ఆమెకు తెలిసింది నైట్ షిఫ్టు గేటు వరకే.

వగరు అంటే చాలు

మూడోది షిరాజ్. ఎర్రది, హంటర్ వ్యాలీదే. రెడ్ వైన్‌ను 'రూం టెంపరేచర్'లో తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ రూం యూరప్ వాళ్లది, 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో రామగుండం రూం టెంపరేచర్‌లో పెడితే చారు కాచినట్టే. సంక్రాంతి చలి కాబట్టి సరిపోయింది.

వైన్ నోట్లో పోసుకోగానే చిగుళ్లు, నాలుక పట్టేసినట్టవుతుంది. ఇంగ్లిష్‌లో టానిన్ అని పెద్ద పాఠం చెబుతారు. పక్కింటి అన్న ఒక్క మాటలో తేల్చాడు. "వగరు. నేరేడు పండ్లు తిన్నట్టు." మనకు ఉగాది నాడు ఆరు రుచులు నాలుక మీద పెట్టి నేర్పించే చదువు ఉంది కదా. ఇంగ్లిష్ వాడు వగరును 'ఎండిపోయినట్టు', 'గరుకుగా' అని చుట్టూ తిరిగి చెప్పుకోవాలి. మనకు మూడక్షరాల మాట రెడీగా ఉంది. కానీ వైన్ గురించి మాట్లాడాల్సి వస్తే మనమే 'నోట్స్ ఆఫ్ బ్లాక్‌బెర్రీ' అంటాం. బ్లాక్‌బెర్రీ మనలో ఎంతమంది తిన్నారు? ఫోన్ తప్ప చూసింది లేదు.

ఈ షిరాజ్‌లో నాకు మిరియాలు తగిలాయి. తర్వాత చదివితే అదీ నిజమే, మిరియాల్లో ఉండే రొటండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉంటుందట.

ద్రాక్ష, బొగ్గు పక్కపక్కన ఉండడం దాకా సరే, బొగ్గు గుట్ట మీదే ద్రాక్ష పండించిన వాళ్లున్నారని నేను ఫోన్ తీసి ఫోటోలు చూపించాను. ఉత్తర ఫ్రాన్స్‌లో పా-ద-కలె అనే బొగ్గు ప్రాంతం. అక్కడ చివరి బాయి 1990లో మూతపడింది. మిగిలినవి బాయిలోంచి తీసి పోసిన నల్ల గుట్టలు. వాటితో సహా ఆ ప్రాంతాన్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. హాయికూర్ అనే ఊళ్లో అలాంటి గుట్ట వాలు మీద 2011లో షార్డనే ద్రాక్ష నాటారు. నల్ల రాయి ఎండ వేడిని పట్టి ఉంచుతుంది, చలి దేశంలో ద్రాక్షకు అదే కావాలి. ఆ వైన్‌కు పెట్టుకున్న పేరు 'షార్‌బొనే'. ఫ్రెంచిలో షార్‌బొన్ అంటే బొగ్గు.

పక్కింటి అన్న ఫోన్ వెనక్కి ఇస్తూ, "మా ఓబీ డంపు మీద పెడితే మేకలు ఇడిచిపెడ్తయా?" అన్నాడు. ఓబీ అంటే ఓవర్ బర్డెన్, బొగ్గు కోసం తవ్వి పక్కన పోసే మట్టి, రాయి. గోదావరిఖని చుట్టూ ఉన్న 'కొండలు' చాలావరకు అవే. మీద చెట్లు పెట్టారు, దూరం నుంచి చూస్తే పచ్చగా, అందంగానే ఉంటాయి.

లేచేటప్పుడు కాక అన్నాడు, "వాసన గురించి గింత సదివినోళ్లు, రేపు పొద్దుగాల నాతోటి రార్రి. మన దగ్గర లేదా ఏంది?" వంటింట్లోంచి చిన్నమ్మ గొంతు, "వాసన చూసుడు వరకే!"

రేక పట్టు

మర్నాడు ఆరున్నరకు మూడు బండ్ల మీద బయల్దేరాం. మంథని రోడ్డు వైపు కొంత దూరం పోయి, పొలాల్లోకి తిరిగితే తాటివనం. కింద పొగమంచు, పైన చెట్ల తలలు మాత్రమే కనబడుతున్నాయి. గౌడన్న అప్పుడే ఒక చెట్టు దిగుతున్నాడు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు. 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కిట్ గురించి అడిగితే, మా దగ్గర ఇంకా అందరికీ అలవాటు కాలేదన్నాడు.

ఇక్కడి టేస్టింగ్‌కు గ్లాసు అక్కర్లేదు. తాటాకును మడిచి దొప్పలా పట్టుకోవాలి, దాన్నే రేక అంటారు. లొట్టి వంచితే ధారగా పడుతుంది. వైన్ వాళ్లకు పినో, షార్డనే ఉన్నట్టే ఇక్కడా పేర్లున్నాయి. మగ చెట్టుది పోద్దాడు, చలికాలం దానిది. ఎండలు మొదలయ్యే కొద్దీ పరుపుదాడు, ఆ తర్వాత పండుదాడు. ఈత కల్లు వేరే సంగతి, చెట్టు మెడ దగ్గర గీస్తారు. మళ్లీ పొద్దటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. ఒర్రె పక్క చెట్టుది ఒక రుచి, చెలక మీద చెట్టుది ఒక రుచి. ఫ్రెంచి వాళ్లు దీనికే 'టెర్వార్' అని పేరు పెట్టి సీసా ధర పెంచుకున్నారు.

ఒక్క తేడా ఉంది. ద్రాక్ష రసం వైన్ కావాలంటే రోజులు, వారాలు పడుతుంది. చెట్టు నుంచి కారే నీరాను గాల్లోని, లొట్టిలోని ఈస్టు గంటల్లో పులియబెట్టేస్తుంది. సాయంత్రానికి పుల్లగా మారుతుంది. అందుకే ఇది ఎగుమతి కాదు, ఎక్కడ పుట్టిందో అక్కడే తాగాలి. చెట్టు కింద తాగడానికి ఇంకో కారణం కూడా ఉంది. దుకాణాల్లో అల్ప్రజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్లు ఎన్ని ప్రాణాలు తీసిందో తెలిసిందే. 2025 జులైలో కూకట్‌పల్లిలో జరిగింది ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

కాక చేతికి రెండు రేకలిచ్చాం, రెండు లొట్ల నుంచి. ఒకటి వాసన చూసి, "పోద్దాడు" అన్నాడు. రెండోది చూసి, "ఇదీ పోద్దాడే. కని లొట్టి కడగలే నువ్వు."

గౌడన్న నవ్వాడు. "కడిగితే పులుస్తదా కాకా? అడుగున జర ఉంచాలె." ఆ అడుగున మిగిలేదే ఈస్టు. పెరుగుకు తోడు వేసినట్టు. యూరప్‌లో పాత వైనరీల వాళ్లు తమ గదుల గోడల మీది ఈస్టునే నమ్ముకుని వైన్ చేస్తారు, దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా.

కాక రెండు రేకలూ నేల మీద ఒంపి, ఇంటి నుంచి తెచ్చుకున్న చాయ్ ఫ్లాస్కు తెరిచాడు.

వనం పక్కనుంచి దూరంగా ఒక గుట్ట కనిపిస్తోంది, పై భాగం చదునుగా కోసినట్టు. ఓబీ డంపు. అది ఎప్పటినుంచి ఉందని నేను అడిగాను. గౌడన్న లెక్క చెప్పలేదు. "అండ్ల మా ఊరుండె. నూటాయాభై చెట్లు గీసినం మేం అన్నదమ్ములం. ఓపెన్‌కాస్ట్ వచ్చింది. చెట్టుకు ఇంత అని పైసలు కట్టిర్రు. ఎవరికి? భూమి ఎవరిదో వాళ్లకు. చెట్టు ఎక్కేటోనికి ఏముంటది పత్రం? మోకు ఉంటది, కత్తి ఉంటది. గీ వనం మా బామ్మర్దులది, ఈడ గీసుకుంటున్న."

ఎవరూ ఏమీ అనలేదు. మా దోస్త్ ఆస్ట్రేలియాలో తవ్వకాల ప్లాన్లు గీసే పనిలోనే ఉన్నాడు. హంటర్ వ్యాలీలో తోటలను కాపాడిన రూల్ గురించి రాత్రి నాతో ఎంతో చెప్పినవాడు, ఇప్పుడు నేల చూస్తున్నాడు. పక్కింటి అన్న ఆ గుట్ట వైపు చూస్తున్నాడు. ఆయన డంపర్ రోజూ మట్టి ఒంపేది అలాంటి గుట్ట మీదే.

"ఏ బాయిల చేస్తవన్నా నువ్వు?" గౌడన్న ఆయన్నే అడిగాడు.

అన్న చెప్పాడు.

గౌడన్న తలూపాడు. లొట్టి ఎత్తుకుని, "పట్టన్నా, ఇంకో రేక పట్టు. మల్ల సెకండ్ షిఫ్టుకు పోవద్దా?" అన్నాడు.

"ఈ రోజు ప్లేడే" అని అన్న రేక చాచాడు.